కూలి ఇంటి నుంచి ముఖ్యమంత్రి కుర్చీ దాకా: దామోదరం సంజీవయ్య జీవితం

కోసిగిలో సుగ్గి కాలం వచ్చిందంటే ఊరు సగం ఖాళీ అవుతుంది. మూటాముల్లె, వంట గిన్నెలు, చంకన పసిపిల్లలు. గుంటూరు వైపు మిరప కోతలకు కొందరు, తెలంగాణ పత్తి చేలకు కొందరు, బెంగుళూరులో ఇండ్ల కట్టుబడి పనులకు కొందరు. ఊళ్ళో మిగిలేది తలుపులకు తాళాలు, ఆ తాళాలకు కాపలా ఉండే ముసలి అవ్వలు.

ఒక సుగ్గికి ముందు సంఘం సభ్యత్వాలు రాయించేదానికి మేము ఒక వాడకు పోయినాము. ఒక ఇంటి గోడ మీద అంబేద్కర్ పటం, దాని పక్కన రంగు వెలిసిన ఇంకొక పటం. ఇంటరు చదివే పిల్లవాడు ఆ రెండో ఆయన ఎవరని మమ్మల్నే అడిగినాడు. మేము నోరు తెరిచేలోపల మంచం మీద కూర్చున్న వాళ్ళ అవ్వ, ముసలోళ్ళకు పింఛను పెట్టిన అయ్య ఆయన అని చెప్పేసింది. పిల్లవానికి మాకు తెలిసింది నాలుగు మాటలు చెప్పి వచ్చినాము. అది చాలదని తర్వాత అనిపించింది. ఆ పటంలోని మనిషి మన జిల్లావాడు, మన కూలోళ్ళ ఇంట పుట్టినవాడు. ఆయన ఏం చేసినాడో, ఏం చెయ్యలేకపోయినాడో, ఎందుకు చెయ్యలేకపోయినాడో కూలి జనానికి తెలిసి ఉండాలి. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

పెద్దపాడు పల్లె

కోసిగి జిల్లాకు పడమటి కొస. పెద్దపాడు కర్నూలు పట్టణానికి ఆనుకున్న పల్లె. దామోదరం సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న ఆ పెద్దపాడులో మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి మునయ్య, తల్లి సుంకులమ్మ. ఆ ఇంటికి సెంటు భూమి లేదు. మగ్గం నేసుకోవడం, మగ్గం ఆడనప్పుడు కూలికి పోవడం, ఇదే బతుకు. పిల్లవాడు పుట్టిన కొద్ది రోజులకే తండ్రి చనిపోయినాడు. బాలింత తల్లి, చిన్న చిన్న పిల్లలు. మేనమామ వచ్చి అందరినీ పాలకుర్తికి తీసుకపోయినాడు. అక్కడ సంజీవయ్య పశువులు కాసినాడు. కొన్నేళ్ళకు మళ్ళీ పెద్దపాడు చేరుకున్నారు.

ఇక్కడ ఆయన అన్న చిన్నయ్యను మనం మరిచిపోకూడదు. అన్న కూలికి పోయి, తమ్ముణ్ణి బడికి పంపినాడు. ఒక ఇంట్లో ఒకడు పలక పట్టాలంటే ఇంకొకడు పార పట్టాల్సిందే అన్న లెక్క ఆనాటిది. ఈనాడు కోసిగి పల్లెల్లో ఆ లెక్క పూర్తిగా తప్పిపోయిందా? పోలేదు. సుగ్గికి పోయే అమ్మానాయనల వెంట బడి మాని పోతున్న పిల్లలను మేము ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాము. ఒక సంజీవయ్య పైకి వచ్చినాడని చెప్పుకునేటప్పుడు, ఆ ఇంట్లోనే చదువుకు దూరమైన చిన్నయ్యను కూడా చెప్పుకోవాలి.

చదువు, చిల్లర ఉద్యోగాలు

ఊళ్ళో చిన్న బడి అయినాక సంజీవయ్య కర్నూలు చేరినారు. అక్కడ మిషన్ బడి, తర్వాత మునిసిపల్ హైస్కూలు. 1938లో ఎస్సెస్సెల్సీ పాసైనారు. మంచి మార్కులు వచ్చినాయి. మార్కులు వస్తే సరిపోతుందా? కాలేజీ ఖర్చుకు మళ్ళీ మేనమామే అక్కరకు వచ్చినాడు. అనంతపురం దత్తమండల కాలేజీలో లెక్కలు, ఖగోళ శాస్త్రం చదివి 1942లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. అంటరానితనం బహిరంగంగా నడుస్తున్న రోజులవి. ఊరి బావిలో నీళ్ళు ముట్టనియ్యని కులం పిల్లవాడు ఆకాశంలో చుక్కల నడక లెక్కగట్టే శాస్త్రం చదివినాడంటే అది చిన్న సంగతి కాదు.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. బియ్యానికి, కిరసనాయిలుకు రేషను. ఆ రేషను ఆఫీసులోనే కర్నూలులో గుమస్తాగా చేరినారు. తర్వాత బళ్ళారిలో కేంద్ర ప్రజాపనుల శాఖలో తాత్కాలిక ఉద్యోగం. ఒకటి ఊడితే ఇంకొకటి. ఆ తర్వాత మద్రాసు చేరి లా కాలేజీలో చదివినారు. ఒక పక్క చదువుతూ ఇంకొక పక్క పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు గడుపుకున్నారు. 1950లో వకీలుగా పేరు నమోదు చేయించుకున్నారు.

రాజకీయాల్లోకి

వకీలు వృత్తిలో కాలు నిలదొక్కుకోక ముందే రాజకీయాలు పిలిచినాయి. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950లోనే తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడైనారు. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో కర్నూలు జిల్లా నుంచి మద్రాసు శాసనసభకు గెలిచినారు. రాజాజీ మంత్రివర్గంలో సహకార, గృహ నిర్మాణ శాఖలు చూసే మంత్రి అయినారు. అప్పటికి ఆయనకు ముప్పై ఒక్క ఏండ్లు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని అయింది. కూలి ఇంటి బిడ్డ, తాను చదువుకున్న ఊళ్ళోనే, తన పల్లెకు కూతవేటు దూరంలో ప్రకాశం గారి మంత్రివర్గంలో ఆరోగ్యం, హరిజనోద్ధరణ చూసే మంత్రిగా కూర్చున్నారు. 1954 మే నెలలో కృష్ణవేణి గారిని పెండ్లి చేసుకున్నారు. ఆమె ఉపాధ్యాయురాలు. 1955లో బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలోనూ, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినాక నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలోనూ పనిచేసినారు.

ఒక మాట దాచకుండా రాయాలి. 1955 ఎన్నికలు ఆంధ్ర రాష్ట్రంలో భూమి చుట్టూ తిరిగినాయి. దున్నేవానికే భూమి అని కమ్యూనిస్టులు ఊరూరా జెండా ఎత్తినారు. వాళ్ళను ఓడించేదానికి కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్కటైనాయి. భూస్వాములు ఆ కూటమి వెనక గట్టిగా నిలబడినారు. 196 స్థానాల సభలో కమ్యూనిస్టులకు దక్కింది 15 మాత్రమే. సంజీవయ్య గారు ఆ పోరులో మన పక్షాన లేరు, కాంగ్రెసు పక్షాన ఉన్నారు. ఆయన మంచితనం ఎంత నిజమో ఇదీ అంతే నిజం. రెండూ కలిపి చూస్తేనే ఆయన జీవితం అర్థమవుతుంది.

రెండేండ్ల ముఖ్యమంత్రి

1960 మొదట్లో నీలం సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడై ఢిల్లీకి పోయినారు. రాష్ట్రంలో కుర్చీ ఖాళీ అయింది. దాని కోసం కాంగ్రెసులో ముఠాలు పోట్లాడుకుంటున్నాయి. ఆ తగవుల నడుమ 1960 జనవరి 11న సంజీవయ్య ముఖ్యమంత్రి అయినారు. వయసు ముప్పై ఎనిమిది. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. మాలవాడలో మగ్గం గుంట పక్కన పుట్టినవాడు హైదరాబాదులో సంతకం పెడితే జిల్లా కలెక్టర్లు కదిలే రోజు వచ్చింది. ఆ వార్త విన్న రోజు వాడల్లో పండగ చేసుకున్నారని మా పెద్దలు చెప్పేవాళ్ళు.

ఆ రెండేండ్లలో ఆయన చేసిన పనుల్లో కూలి జనం మరిచిపోనివి కొన్ని ఉన్నాయి.

మొదటిది వృద్ధాప్య పింఛను. దిక్కులేని ముసలివాళ్ళకు సర్కారు నెలనెలా ఇంత పైకం ఇవ్వాలనే పథకం 1960లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. దీని గురించి మన జిల్లాలో ఒక కథ చెప్పుకుంటారు. ముఖ్యమంత్రి అయినాక ఆయన పెద్దపాడు పోయి తల్లి చేతిలో కొంత డబ్బు పెట్టినారట. నాకు నువ్వున్నావు, కొడుకులు లేని ముసలోళ్ళకు ఎవరున్నారని ఆమె అడిగిందట. ఆ మాట మనసులో పెట్టుకుని పింఛను తెచ్చినారట. ఆ కథ అక్షరాలా జరిగిందా అనేది పక్కన పెడదాము. జనం దాన్ని అరవై ఏండ్లకు పైగా నోటినోటా మోసుకొచ్చినారంటే, కూలి చేసిన తల్లి ఉన్నవానికే కూలి తల్లి బాధ తెలుస్తుందని వాళ్ళు నమ్మినారన్న మాట. ఆనాడు కొద్దిమందికి, కొద్ది పైకంతో మొదలైన ఆ పింఛను 2024 జులై నుంచి నెలకు నాలుగు వేల రూపాయలైంది. సుగ్గి కాలంలో కోసిగిలో పొయ్యి వెలిగించే అవ్వకు ఆ పైకమే ఆధారం.

రెండోది అవినీతి నిరోధక శాఖ. 1961 జనవరిలో దాన్ని ప్రత్యేక శాఖగా నిలబెట్టినారు. పట్టా కాగితం కోసం ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన కూలివానికి లంచం అంటే ఏందో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ శాఖ పెట్టినంత మాత్రాన లంచాలు పోలేదు. అయినా లంచం మామూలు కాదు, నేరం అని సర్కారే ఒప్పుకుని దానికో ఆఫీసు తెరిచింది.

మూడోది బంజరు భూముల పంపకం. భూమిలేని పేదలకు ఆయన హయాంలో లక్షల ఎకరాల సర్కారు బంజరు పట్టాలైందని చెబుతారు. ఆరు లక్షల ఎకరాలు అని కూడా లెక్క చెబుతారు. బంజరు అంటే ఏమిటో మా వైపు వాళ్ళకు తెలుసు. గుట్ట పక్కన, వంక ఒడ్డున, నాగలి దిగితే రాయి తగిలే నేల. అయినా తరతరాలుగా ఒకరి గెనెం మీద నిలబడి బతికినవానికి, ఇది నాది అని చెప్పుకునే నేల ముక్క దక్కడం మామూలు సంగతి కాదు.

కొండంత చట్టం, గోరంత మిగులు

ఇంతవరకు చెప్పినవన్నీ సర్కారు చేతిలో ఉన్నదాన్ని పంచడం. పింఛను ఖజానాలోది. బంజరు సర్కారుది. మరి భూస్వామి చేతిలో ఉన్న భూమి సంగతేమిటి? అసలు పరీక్ష అక్కడే.

1959 జనవరిలో నాగపూరు మహాసభలో కాంగ్రెసు భూమికి గరిష్ఠ పరిమితి పెట్టాలనీ, సహకార సేద్యం తేవాలనీ తీర్మానం చేసింది. భూస్వాములు గగ్గోలెత్తినారు. ఆ ఏడాదే స్వతంత్ర పార్టీ పుట్టింది. దాన్ని పెట్టినవాళ్ళలో మన రాష్ట్రపు ఎన్.జి. రంగా గారు ముందున్నారు. బయటికి పోయిన భూస్వాములు అక్కడ చేరినారు. పోనివాళ్ళు కాంగ్రెసులోనే ఉండి చట్టం కోరలు పీకే పనిలో పడినారు. సంజీవయ్య గారు ముఖ్యమంత్రి కాకముందే మొదలైన ఆ కసరత్తు ఆయన హయాంలో, 1961లో, ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ భూముల గరిష్ఠ పరిమితి చట్టంగా బయటికి వచ్చింది.

ఆ చట్టంలోని అంకెలు ప్రతి కూలివాడు తెలుసుకోవాలి. పరిమితి నేల రకాన్నిబట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా. మంచి నీటి పారుదల నేలకు 27. అట్టడుగు రకం మెట్టకు 324. నేల ఎంత తక్కువ రకమైతే అంత ఎక్కువ ఉంచుకోవచ్చు. రాయలసీమ లాంటి మెట్ట ప్రాంతంలో మూడు వందల ఎకరాలు ఉన్నవాణ్ణి ఆ చట్టం ముట్టుకోలేదంటే ఇంక ఎవరిని ముట్టుకుంటుంది? దానికి తోడు మినహాయింపులు. చట్టం వస్తోందని ముందే తెలిసినవాళ్ళు కొడుకుల పేర, బంధువుల పేర, చివరికి ఇంట్లో పనిచేసే జీతగాళ్ళ పేర కూడా కాగితాలు రాయించుకున్నారు. పేదలకు పంచేదానికి తేలిన మిగులు భూమి గోరంత.

ఎందుకు ఇట్లయింది? సంజీవయ్యకు మనసు లేకనా? మేము అట్లా అనుకోము. కూలివాని ఇంట పుట్టి భూమి విలువ తెలియనివాడు ఎవరు? ఆయన కుర్చీ మీద కూర్చున్నారు గానీ, ఆ కుర్చీ కాళ్ళు భూస్వాముల చేతుల్లో ఉన్నాయి. శాసనసభలో చెయ్యెత్తి ఓటు వేసేవాళ్ళు ఎవరు? ఊళ్ళో పటేళ్ళు, కరణాలు, రెడ్డ్లు ఎవరి మనుషులు? ఖజానాలోంచి పింఛను ఇచ్చినంతకాలం ఎవరికీ అభ్యంతరం లేదు. సొంత పొలం గట్టు మీదికి చట్టం వచ్చేసరికి అందరూ ఒక్కటైనారు. వాళ్ళకు ఎదురు నిలబెట్టేదానికి ఆయన వెనక కూలి జనం సంఘం కట్టి నిలబడి లేరు. ఆయన పార్టీ అట్లాంటి సంఘాలు కట్టే పార్టీ కూడా కాదు.

ఢిల్లీలో

1962 ఎన్నికల్లో కాంగ్రెసు మళ్ళీ గెలిచింది. ఉమ్మడి కమ్యూనిస్టు పార్టీ 51 స్థానాలతో ప్రధాన ప్రతిపక్షమైంది. గెలిచిన కాంగ్రెసు సంజీవయ్యను ముఖ్యమంత్రిగా ఉంచిందా? లేదు. 1962 మార్చిలో నీలం సంజీవరెడ్డి తిరిగి వచ్చి కుర్చీ ఎక్కినారు. సంజీవయ్య అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడై ఢిల్లీకి పోయినారు. ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడు కూడా ఆయనే. గౌరవం పెద్దది, కాదనము. అయితే రాష్ట్రంలో భూమి మీద, సేద్యపు నీటి మీద అధికారం నడిపే కుర్చీ మాత్రం చేతులు మారింది.

1964లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో కేంద్ర కార్మిక మంత్రి అయినారు. 1965లో బోనసు చెల్లింపు చట్టం వచ్చింది ఆయన ఆ శాఖ చూస్తుండగానే. లాభం వచ్చినా రాకపోయినా ఏడాది జీతంలో నూటికి నాలుగు వంతులు గానీ నలభై రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది కార్మికునికి ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. బోనసు అనేది యజమాని దయ కాదు, కార్మికుని హక్కు అని తేలింది. దాని వెనక దేశమంతటా కార్మిక సంఘాలు ఏండ్ల తరబడి చేసిన సమ్మెలు ఉన్నాయి. కార్మికుల ఒత్తిడి ఉన్నచోట సంజీవయ్య లాంటి మంత్రి కలం గట్టిగా కదిలింది. మన వ్యవసాయ కూలీకి ఆ చట్టంలో చోటు దక్కలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర సంఘం ఉంది, పొలం గట్టు మీద లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

1966లో ఇందిరాగాంధీ మంత్రివర్గంలో పరిశ్రమల మంత్రిగా, 1970లో మళ్ళీ కార్మిక మంత్రిగా పనిచేసినారు. 1971లో రెండోసారి కాంగ్రెసు అధ్యక్షుడైనారు. ఆ పదవిలో ఉండగానే 1972 మే నెలలో ఢిల్లీలో గుండెపోటుతో చనిపోయినారు. యాభై ఒక్క ఏండ్లకే. సికింద్రాబాదు పాటిగడ్డలో అంత్యక్రియలు జరిగినాయి. పక్కనే హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న పార్కుకు ఆయన పేరు పెట్టినారు. ఇన్ని పదవులు చేసిన మనిషి చెప్పుకోదగ్గ ఆస్తి ఏమీ కూడబెట్టలేదు. పదవి అంటే పది తరాలకు సరిపడా సంపాదన అనుకునే నాయకులను చూసిన మన కండ్లకు ఇది వింతగానే ఉంటుంది.

ఆయన పేరు, మన పని

మన జిల్లాలో హంద్రీ మీద గాజులదిన్నె దగ్గర కట్టిన ప్రాజెక్టుకు సంజీవయ్య సాగర్ అని పేరు. విశాఖపట్నంలో న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయానికి ఆయన పేరే. పేర్లు పెట్టినందుకు సంతోషమే. ఆయన పంచిన భూముల గతి ఏమైందని కూడా అడగాలి గదా.

పట్టా కాగితం పేదవాని పెట్టెలో, పొలం పెద్దరైతు సాగులో. ఇది మా తిరుగుళ్ళలో ఎన్నో ఊళ్ళలో చూసినాము. కరువు ఏడాది రెండు బస్తాల జొన్నలకు కుదువ పెట్టిన నేల తిరిగి రానిది. పిల్ల పెండ్లికి, ఆస్పత్రి ఖర్చుకు చేతులు మారినది. అట్లా పోయిన భూమిని తిరిగి ఇప్పించేదానికి 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. సంజీవయ్య పోయినాక 1973లో కొత్త గరిష్ఠ పరిమితి చట్టం వచ్చి మెట్ట పరిమితిని 54 ఎకరాలకు దించింది. ఆ రెండు చట్టాల వెనకా ఊరూరా జరిగిన భూపోరాటాలు ఉన్నాయి. 2023లో అసైన్డ్ చట్టాన్ని సవరించి, ఇరవై ఏండ్లు దాటిన పట్టా భూమిని అమ్ముకోవచ్చన్నారు. అమ్ముకునే హక్కు వినేదానికి బాగుంటుంది. ఆకలితో ఉన్నవాని అమ్ముకునే హక్కు చివరికి ఎవరికి లాభమో చెప్పనక్కరలేదు. ఆ ముసుగులో అక్రమాలు జరిగినాయని తర్వాత 2024లో విచారణ కూడా పెట్టాల్సి వచ్చింది.

కోసిగి వాడలోని ఆ పిల్లవానికి ఈసారి మేము చెప్పేది ఇది. నీ ఇంటి గోడ మీది పటాన్ని దించొద్దు. దుమ్ము తుడిచి గట్టిగా మేకు కొట్టు. కూలివాని బిడ్డ రాష్ట్రాన్ని ఏలగలడని ఆయన చూపించినాడు. అయితే ఇంకొక సంజీవయ్య వస్తాడు, మన సుగ్గి తిప్పలు తీరుస్తాడు అని ఎదురుచూస్తూ కూర్చోవద్దు. వచ్చినవాడు ఎంత మంచివాడైనా, మనం ఎవరికివాళ్ళుగా ఉంటే ఆయన చెయ్యగలిగింది పింఛను దాకా, బంజరు దాకా. పొలం గట్టు దాటి ముందుకు పోవాలంటే ఆయన వెనక మనం ఉండాలి.

ఆ రోజు మేము సభ్యత్వ పుస్తకం తెరిచినప్పుడు ఆ ఇంట్లో మొదట వేలిముద్ర వేసింది ఆ అవ్వే. పింఛను డబ్బులోంచి చందా తీసి ఇచ్చింది. మేము వద్దన్నా వినలేదు.